వణకని చేయి

ఒక చీపురుపుల్ల తీసుకోండి. ఒక కొనను వేళ్ళతో పట్టుకొని, రెండో కొనను ఈ పుటలోని ఏదైనా చుక్క మీదికి, కాగితానికి తగలకుండా తీసుకురండి. ఇరవై లెక్కపెట్టేవరకు అలాగే నిలపండి. పుల్ల కొన కదులుతూనే ఉంది కదూ! అది మీ లోపం కాదు. మన కండరాలు ఎప్పుడూ సన్నగా అదురుతూనే ఉంటాయి. ఎంతో అనుభవం గల శస్త్రవైద్యుని చేతిలో కూడా సుమారు 100 మైక్రాన్ల వణుకు ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు.

ఇంత చిన్న వణుకు వల్ల ప్రమాదమేమిటి అంటారా? కంటి లోపల వెనుకవైపు నేత్రపటలం అనే తెర ఉంది. మనం చూసే ప్రతి వస్తువు ప్రతిబింబమూ దానిమీదనే పడుతుంది. దాని మందం సుమారు పావు మిల్లీమీటరు. కొందరిలో దానిమీద మరో పలుచని పొర పెరిగి, ముడుచుకుంటూ నేత్రపటలాన్ని లాగుతుంది. లాగుడు ఎక్కువైతే మధ్యలో రంధ్రం పడుతుంది. అప్పుడు ఎదుటివారి ముఖం సరిగా కనబడదు, అక్షరాలు చదవలేరు. ఆ పొరను ఒలిచి తీసివేయాలి. దాని మందం 10 మైక్రాన్లే ఉండవచ్చు. అటువంటివి నూరు పేరిస్తే గాని ఒక మిల్లీమీటరు కాదు! ఒలిచేటప్పుడు కింది నేత్రపటలం దెబ్బతింటే చూపుకే ముప్పు.

2016లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరంలో, జాన్ రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో ప్రొఫెసర్ రాబర్ట్ మెక్లారెన్ ఈ పనిని మొదటిసారిగా రోబో సాయంతో చేశారు. ఆ యంత్రం నెదర్లాండ్స్‌లో తయారైంది.

రోబో అనగానే నడిచే మరమనిషిని ఊహించుకోకండి. ఇది ఒక యంత్రపు చేయి మాత్రమే. దానికి ఏడు మోటార్లు ఉన్నాయి. వైద్యుడు మైక్రోస్కోపులో చూస్తూ ఒక పిడిని కదుపుతాడు. పిడి ఎక్కువగా కదిలితే కంటిలోని పనిముట్టు అతి కొద్దిగా కదులుతుంది. చేతి వణుకును కంప్యూటరు జల్లెడ పట్టినట్లు ఆపేస్తుంది. పిడిని వదిలేస్తే పనిముట్టు ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది. అది కంటిలోకి వెళ్ళే రంధ్రం మిల్లీమీటరు కంటే చిన్నది. అందుచేత ఎటు తిరిగినా ఆ రంధ్రాన్నే ఇరుసుగా చేసుకొని తిరగాలి.

మరి చేతికన్నా రోబో మేలా? ఆక్స్‌ఫర్డ్‌లో 12 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. కొందరికి చేతితో, కొందరికి రోబోతో పొరను తీశారు. ఫలితం రెండింటిలోనూ బాగానే ఉంది. కాని రోబోతో ఎక్కువ సమయం పట్టింది!

అయితే దాని ప్రయోజనమేమిటి? కొన్ని కంటి జబ్బులకు మందును నేత్రపటలం కిందికి సూదితో మెల్లమెల్లగా ఎక్కించాలి. తొందరపడితే ఆ పలుచని తెర తట్టుకోలేదు. అంతసేపూ సూదిమొన కదలకూడదు. మనిషి చేతికి కష్టమైన ఈ పనే యంత్రానికి సులువు. కాని సూదిని ఎక్కడ దించాలో, ఎప్పుడు ఆపాలో యంత్రానికి తెలియదు. అది వైద్యుడు చెప్పవలసిందే. నిలకడ యంత్రానిది, వివేకం మనిషిదీ అన్నమాట.