మానసిక వ్యాధి మందులు – కణంలోని కాల్షియం

కాల్షియం అనగానే మనకు ఎముకలు, పాలు, రాగి జావ గుర్తుకు వస్తాయి. కాని దానికి మరో పని కూడా ఉంది. కండరం బిగుసుకోవాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా కణాల లోపల కాల్షియం కదలాలి. కొన్ని మానసిక వ్యాధి మందులు ఈ కదలికను మారుస్తాయని ప్రయోగాల్లో తేలింది. ఈ మాట విని మీ ఇంట్లోవారి మందు ఆపేయకండి. అసలు విషయం తెలుసుకోండి.

కణంలో ఏం జరుగుతుంది?

కణం లోపలి ద్రవంలో కాల్షియం చాలా తక్కువ. బయట దానికి సుమారు 10,000 రెట్లు ఎక్కువగా ఉంటుంది. కణంలోని సన్నని సంచుల్లో కూడా కొంత నిల్వ ఉంటుంది. అవసరమైనప్పుడు ఆ సంచుల ద్వారాలు తెరుచుకుని కాల్షియం వెలుపలికి వస్తుంది. పని కాగానే పంపులు దాన్ని తోడేస్తాయి.

నంద్యాల, ఆళ్లగడ్డ రైతులకు కె.సి. కాలువ తెలుసు కదా! నీటి మట్టం చూసి లస్కరు తూము షట్టరు ఎత్తుతాడు, దించుతాడు. కణంలో అలాంటి లస్కరే కాల్మోడ్యులిన్ అనే చిన్న ప్రోటీను. ఇది నాలుగు కాల్షియం అయాన్లను పట్టుకోగలదు. కాల్షియం పెరిగిందని అలా గుర్తించి సంచుల ద్వారాలను అదుపు చేస్తుంది, కణం వెలుపలికి తోడే పంపును వేగంగా నడిపిస్తుంది.

మందులు ఏం చేస్తాయి?

స్కిజోఫ్రెనియాకు వాడే ట్రైఫ్లూపెరాజిన్ కాల్మోడ్యులిన్‌కు అతుక్కుని దాని పనిని ఆపుతుందని 1970లలో కనుగొన్నారు. క్లోర్‌ప్రోమజిన్‌కూ ఈ గుణం ఉంది. లస్కరు చేతులు కట్టేసినట్లన్నమాట. కొన్ని కణాల్లో నిల్వలనుండి కాల్షియం ఎక్కువగా వస్తుంది, తోడే పంపు నెమ్మదిస్తుంది. ఈ మందులు ద్వారాలను నేరుగా కూడా తాకుతాయి. అందుకే ఫలితం అన్ని కణాల్లో ఒకేలా ఉండదు.

భయపడాలా?

అక్కర్లేదు. ప్రయోగశాలలో కణాలపై వాడే మోతాదు, మాత్ర వేసుకున్నాక రక్తంలో ఉండే మోతాదు కంటే సాధారణంగా చాలా ఎక్కువ. రోగికి కలిగే మేలు ముఖ్యంగా మెదడులో డోపమైన్ పనిని తగ్గించడంవల్ల వస్తుంది. కణంలోని ఈ మార్పు, ఎముకల్లో కాల్షియం లోపం ఒకటి కావు. దీనికోసం కాల్షియం మాత్రలు వేసుకోనవసరం లేదు.

గుర్తుంచుకోండి

1. మందు హఠాత్తుగా మానితే జబ్బు తిరగబెట్టవచ్చు. మోతాదు మార్చాలంటే డాక్టరునే అడగాలి.

2. చేతులు వణికినా, మెడ పక్కకు లాగినా, కుదురుగా కూర్చోలేకపోయినా డాక్టరుకు చెప్పండి. సరిచేసే మార్గాలున్నాయి.

3. తీవ్రమైన జ్వరం, ఒళ్లు కర్రలా బిగుసుకోవడం, అయోమయం కలిసి వస్తే అది ప్రాణాపాయం. మందు చీటీతో సహా రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

4. ఈ మందులు వాడేవారికి వడదెబ్బ సులభంగా తగులుతుంది. మన ప్రాంతపు ఎండల్లో మధ్యాహ్నం పొలం పనికి పంపకండి. నీళ్లు, మజ్జిగ తరచుగా ఇవ్వండి.

5. మద్యం ముట్టనివ్వకండి. మందుతో కలిస్తే మత్తు ప్రమాదకరంగా పెరుగుతుంది.

మాత్ర వేసుకునేది రోగే అయినా, వేళకు గుర్తుచేసి ధైర్యం చెప్పవలసింది ఇంట్లోవారు.