శ్రీపురంలో తెలుగు పాఠం

వేలూరు దగ్గరి శ్రీపురం స్వర్ణ దేవాలయానికి మా తెలుగు మాధ్యమం పిల్లలను తీసుకెళ్లాం. 2007లో కుంభాభిషేకం జరిగిన ఈ మహాలక్ష్మి గుడికి సుమారు 1,500 కిలోల బంగారం వాడారు. అదంతా పోత బంగారం కాదు. రాగి రేకులపై బొమ్మలు తీర్చి, వాటిమీద పొరలు పొరలుగా బంగారు రేకు తాపడం చేశారు. గుడికి చేర్చే దారి నక్షత్రాకారంలో ఉంటుంది. సుమారు 1.8 కిలోమీటర్లు, సూక్తులు చదువుకుంటూ నడవాలి.

చూసినవి చెప్పమంటే పిల్లలు స్తంభాన్ని ‘తూణ్’ అన్నారు. విమానమంటే ఆకాశంలో ఎగిరేదే అనుకున్నారు. గర్భగుడి మీది కట్టడాన్నీ విమానమే అంటారని అక్కడే చూపించి చెప్పాం. తాపడం అన్న మాట ఎవరికీ తెలియలేదు. పాఠ్యపుస్తకంలోని తెలుగు పరీక్ష వరకే నిలుస్తుంది. తల్లిదండ్రులారా, ఈసారి మీ ఊరి గుడికి వెళ్లినప్పుడు స్తంభం, మండపం, విమానం, కలశం వేలితో చూపించి పేరు చెప్పించండి. చూసి నేర్చిన మాట మరచిపోరు.