గిన్నె అడుగున పేరు కాదు, గిన్నె మీద గబ్బిలాన్ని చదవండి

 

నా చేతిలో ఉన్న ఈ గిన్నె చూడండి. తెల్లటి పింగాణీ, మీద గులాబీ రంగు పూలు, వాటి మధ్య ఎర్ర గబ్బిలాలు. రెండేళ్ల కిందట బోనస్ డబ్బుల్లోంచి 22 వేలు పెట్టి ఆన్‌లైన్‌లో కొన్నాను. అడుగున నీలం రంగులో ఆరు చైనా అక్షరాలున్నాయి. "మహా మింగ్ వంశం, ష్వాన్‌దె పాలనలో తయారైంది" అని వాటి అర్థం. ష్వాన్‌దె చక్రవర్తి పాలించింది 1426 నుంచి 1435 దాకా. అంటే దాదాపు 600 ఏళ్ల నాటి గిన్నె, 22 వేలకే! ఇంటికెళ్లి గొప్పగా చూపిస్తే మా అమ్మ ఒకటే మాట అంది: "ఇంట్లోకి గబ్బిలం వస్తే కీడంటారు కదరా, నువ్వు డబ్బులిచ్చి మరీ తెచ్చావా?"

అసలు గబ్బిలం బొమ్మ ఎందుకేశారు? అక్కడ మొదలుపెట్టి చదువుకుంటూ పోతే నేను ఎంత మోసపోయానో అర్థమైంది. అదే ఈ రోజు టాపిక్.

చైనా భాషలో గబ్బిలాన్ని 'బ్యెన్‌ఫూ' అంటారు. అందులోని 'ఫూ', అదృష్టం అనే అర్థం ఉన్న 'ఫూ', రెండూ వినడానికి ఒకటే. రాత మాత్రం వేరు. మన శ్లేష లాంటిదే అనుకోండి, కాకపోతే ఇక్కడ బొమ్మతో చేస్తారు. ఎరుపుని 'హోంగ్' అంటారు. 'అపారమైన' అనే ఇంకో మాటని కూడా అలాగే పలుకుతారు. సో, ఎర్ర గబ్బిలం అంటే అపారమైన అదృష్టం. ఐదు గబ్బిలాలుంటే ఐదు భాగ్యాలు: దీర్ఘాయుష్షు, సంపద, ఆరోగ్యం, మంచితనం మీద ప్రేమ, చివరికి ప్రశాంతమైన మరణం.

చేప 'యూ', మిగులు కూడా 'యూ'. అందుకే చేప బొమ్మ ఉంటే ఇంట్లో ఏడాదంతా లోటు ఉండకూడదని దీవెన. దానిమ్మలో గింజలెక్కువ కాబట్టి సంతానం. పీచ్ పండు దీర్ఘాయుష్షుకి గుర్తు. అంటే ఇవి ఉత్తి డిజైన్లు కావు. పెళ్లికో పుట్టినరోజుకో ఇచ్చే కానుక మీద దీవెన రాసినట్టు.

ఇక రంగుల సంగతికి వద్దాం. చైనాలో జింగ్‌దెజెన్ పింగాణీకి పెట్టింది పేరు. అక్కడ పింగాణీని సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ వేడికి తట్టుకునే రంగులు చాలా తక్కువ. కోబాల్ట్ నీలం వాటిలో ముఖ్యమైనది. మిగతా రంగులు కావాలంటే గిన్నెని ముందు కాల్చి, ఆ నున్నటి పూత మీద గాజుపొడి లాంటి ఎనామెల్ రంగులతో బొమ్మ వేసి, 700, 800 డిగ్రీల దగ్గర మళ్లీ కాలుస్తారు. అందుకే ఎనామెల్ రంగు పైపైన ఉంటుంది, చాలాసార్లు వేలికి కొంచెం ఎత్తుగా తగులుతుంది కూడా.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ గులాబీ రంగు అతి సూక్ష్మమైన బంగారు కణాల వల్ల వస్తుంది. చైనా పింగాణీ మీదకి అది వచ్చింది 1720 ప్రాంతంలో, కాంగ్‌షీ చక్రవర్తి పాలన చివర్లో. తర్వాత యోంగ్‌జెంగ్, చ్యెన్‌లోంగ్ కాలాల్లో బాగా పెరిగింది. 19వ శతాబ్దంలో జాక్‌మార్ అనే ఫ్రెంచ్ పండితుడు ఈ రకానికి 'ఫామీ రోజ్' అని పేరు పెట్టాడు. మరి నా గిన్నె? అడుగున 1435 లోపు తయారైందని రాసుంది, పైనేమో ఆ తర్వాత మూడు వందల ఏళ్లకి గానీ రాని రంగుంది! మన భాషలో చెప్పాలంటే, లైబ్రరీ రిలీజ్ కాకముందే దాన్ని వాడిన కోడ్ అన్నమాట.

అయితే పాత పేరున్న ప్రతిదీ మోసం కాదు. కాంగ్‌షీ కాలం కుమ్మరులే పూర్వీకుల మీద గౌరవంతో మింగ్ చక్రవర్తుల పేర్లు వేసేవాళ్లు. కానీ అడుగున పేరు అనేది యూజర్‌నేమ్ లాంటిది, ఎవరైనా టైప్ చేయొచ్చు. నా గిన్నెని పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కింద పెడితే కుంచె గీతలు లేవు, వరసగా చుక్కలు. ప్రింట్! కొన్న రోజే ఆ రెండు నిమిషాల పని చేసుంటే 22 వేలు మిగిలేవి.

సో, కొనేముందు ఈ వరసలో చూడండి. ఒకటి, బొమ్మలు కలిసి ఒక దీవెనగా అర్థమవుతున్నాయా? రెండు, రంగు వయసు, పేరు వయసు కలుస్తున్నాయా? మూడు, భూతద్దంలో కుంచె గీతలా, చుక్కలా? నాలుగు, అరుగుదల వాడకం వల్ల వచ్చినట్టుందా? గరిటె తగిలేచోట, అడుగు అంచున అరిగితే సహజం. అంతటా ఒకేలా అరిగితే అనుమానించండి. ఐదు, అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే చాలాసార్లు పాత అతుకులు వేరే రంగులో బయటపడతాయి. ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: అసలైనవి ఎక్కువ చూడాలి. హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ గది దగ్గర తొందరపడకుండా ఒక గంట గడపండి.

చివరగా ఒక కథ. అమెరికాలో ఒకరింట్లో ఒక చైనా పాత్ర చాలా ఏళ్లు దీపం స్టాండుగా పనిచేసింది. దాని మీద ఎనిమిది పీచ్ పండ్లు, రెండు గబ్బిలాలు. అంటే ఆయుష్షు, అదృష్టం. అది యోంగ్‌జెంగ్ కాలం నాటి అసలైన ఫామీ రోజ్ అని తేలి, 2002లో హాంకాంగ్ వేలంలో 4.15 కోట్ల హాంకాంగ్ డాలర్లకి అమ్ముడైంది. కొన్నావిడ దాన్ని షాంఘై మ్యూజియానికి ఇచ్చేసింది. చూశారా, అసలుది లైట్ కింద ఎవరూ పట్టించుకోకుండా పడుంది, నకిలీదాన్ని నేను అద్దాల బీరువాలో దాచుకున్నాను!

ఇప్పుడు ఈ గిన్నెలో అమ్మ తాళంచెవులు వేస్తోంది. గబ్బిలం అంటే అదృష్టమని చెప్పాక ఆమెకీ అభ్యంతరం లేదు. సరే మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!