చైనా పట్నాలలో రాయలసీమ బిడ్డలు

1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నవర్తకుడు మీర్ జుమ్లాను చూడడానికి గండికోటకు పోతూ త్రోవలో ఒంటిమిట్ట చూచినాడు. కోదండరామాలయ గోపురం ఠీవికి అబ్బురపడి దానిని మెచ్చుకొన్నాడు. వచ్చినాడు, చూచినాడు, పోయినాడు. బాటసారి సంగతి వేరు. పరాయి ఊళ్ళో ఏండ్ల తరబడి బ్రతకవలసినవాని సంగతి వేరు. గోపురం బాటసారికీ కనిపిస్తుంది. ఉప్పు ఎక్కడ దొరుకుతుందో, జ్వరం వస్తే ఎవరి గడప తొక్కాలో కాపురమున్నవాడే తెలుసుకోవాలి.

ఈ రెండవ అవస్థ ఇప్పుడు రాయలసీమ బిడ్డల పాలయినది. 2020 నాటికి చైనా విశ్వవిద్యాలయాలలో 23,000 మందికి పైగా భారతీయ విద్యార్థులుండేవారు. వారిలో అత్యధికులు వైద్యవిద్యకై పోయినవారే. కడప, కర్నూలు సీమలవారూ అందులో ఉన్నారు. ఇక్కడ సర్కారు కళాశాలలో సీటు దక్కక, ప్రయివేటు కళాశాల రుసుము కట్టే స్తోమతు లేక, ఉన్న పొలమో ఒంటిమీది బంగారమో కుదువబెట్టి పంపే తలిదండ్రులు తక్కువేమీ కాదు. అక్కడి చదువును గురించి దళారి గంటసేపు చెబుతాడు. అక్కడి బ్రతుకును గురించి అడిగితే మాత్రం, "అన్నీ ఉంటాయి లెండి" అంటాడు.

మొదటి పని పోలీసు ఠాణా. హోటలులో కాక మరెక్కడ బస చేసినా, 24 గంటలలోగా పరదేశి తన చిరునామాను స్థానిక ఠాణాలో నమోదు చేయించుకోవాలి. దీర్ఘకాలపు చదువుకు వచ్చినవాడు 30 దినాలలోగా నివాసానుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. పాస్‌పోర్టు ఎప్పుడూ వెంట ఉండాలి. దీనికి భయపడనక్కరలేదు, మరచిపోతే మాత్రం చిక్కు తప్పదు. పరదేశిని నమోదు చేయడం, అతనికి రక్షణ ఇవ్వడం రెండూ రాజ్యానికి పాత పనులే. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించి, సముద్రం మీద వచ్చే పరదేశి వర్తకులకు అభయమిచ్చిన సంగతి మన పిల్లలు చరిత్ర పాఠంలో చదువుకొన్నదే.

ఠాణా తరువాత ఫోను. చైనా నగరంలో ఇప్పుడు కూరగాయల అంగడిలో సైతం నాణెం మోగడం అరుదు. గళ్ళ బొమ్మను ఫోనుతో చూపి వీచాట్ ద్వారానో, అలీపే ద్వారానో డబ్బు చెల్లిస్తారు. అందుకు ఫోను నంబరు కావాలి; నంబరుకు పాస్‌పోర్టు కావాలి; బ్యాంకు ఖాతాకు ఈ రెండూ కావాలి. ఇక్కడనే తెలుగు పేరు తంటా తెచ్చిపెడుతుంది. ఇంటిపేరును ముందు చెప్పుకోవడంలో చైనావారూ మనవారూ ఒకటే. కాని పాస్‌పోర్టులోని పొడుగాటి పేరును బ్యాంకు గుమస్తా ఒక వరుసలో, ఫోను అంగడివాడు మరొక వరుసలో వ్రాస్తే, నడుమ ఒక ఖాళీ తేడా వచ్చినా యంత్రం ఇద్దరూ ఒకరే అని ఒప్పుకోదు. పేరును పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్లే అన్ని చోట్లా వ్రాయించుకోవడం మొదటి వారంలో చేయవలసిన పని.

ఇక ఇంటితో మాటలు. మనవారి ఇండ్లలో నిత్యమూ వాడే వాట్సప్ చైనాలో నిరోధింపబడినది. చైనాలో లేనిదే పూట గడవని వీచాట్‌ను భారత ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించినది. ఈ రెండు గోడల నడుమ తల్లీ బిడ్డా మాట్లాడుకోవాలి! కాలమానం తేడా రెండున్నర గంటలే కనుక వేళ కుదరక పోవడమంటూ లేదు. దారి కుదరడమే కష్టం. ఏ దారిన మాట్లాడుకోవాలో బయలుదేరకముందే ఇంటిల్లిపాదీ తేల్చుకొని, ఒకసారి పరీక్షించి చూచుకోవాలి. ఊళ్ళో ఉన్న అవ్వకు అది నేర్పడం కూడా ఆ పనిలో భాగమే.

కడప ఎండలు కాచిన పిల్లలకు చైనా వేసవి లెక్కలోనిది కాదు. చలి లెక్కలోనిదే, అదీ విపరీతంగా. ఉత్తరాది నగరాలలో చలికాలమంతా గొట్టాల ద్వారా ఇంటింటికీ వేడి పంపుతారు. బీజింగులో ఇది సాధారణంగా నవంబరు 15 నుండి మార్చి 15 వరకు. హువై నదికి దక్షిణాన ఈ ఏర్పాటు సామాన్యంగా లేదు. వుహాన్ ఆ నదికి దక్షిణాననే ఉన్నది. కనుక బయట మంచు కురిసే ఉత్తరాదిన గది వెచ్చగా ఉంటే, చలి తక్కువన్న వుహాన్‌లో గదిలోనే వేళ్ళు కొంకర్లు పోతాయి. కుళాయి నీరు కాచకుండా ఎవరూ త్రాగరు. పెద్దా చిన్నా అందరి చేతిలోనూ వేడినీళ్ళ సీసా ఉంటుంది. కుండలోని చల్లని నీళ్ళకు అలవాటుపడిన గొంతుకు కొన్నాళ్ళు అది శిక్షగా తోస్తుంది.

తిండి మాట. అన్నానికి లోటు లేదు. చింతపండు, కరివేపాకు, పుల్లని గట్టి పెరుగు సులభంగా దొరకవు. శాకాహారికి చిక్కు మరీ ఎక్కువ, ఏమంటే ఆకుకూరను కూడా పందికొవ్వులో వేయించడం, పులుసులో మాంసరసం పోయడం అక్కడ సామాన్యం. కాని చెనిక్కాయలు పుష్కలం. వాటిని ప్రపంచంలో అన్ని దేశాలకంటే ఎక్కువ పండించేది చైనాయే, తరువాతది మన దేశం. చెనిక్కాయలు, మిరపకాయలు ఉన్నచోట రాయలసీమవానికి ఊరుబిండి కరువు కాదు. అంతకంటె వింత, ఉత్తర చైనా నగరాలలో ఉదయం పూట పోసే జావ. అది కొర్రజావ! కొర్రను మొట్టమొదట సాగులోకి తెచ్చినది ఆ ఉత్తర చైనాలోనే, వేల ఏండ్ల క్రిందట. నంద్యాల పరిశోధనా క్షేత్రంలో కొత్త వంగడాలు తీస్తున్న పైరు పుట్టినిల్లు అక్కడ ఉన్నదన్నమాట. కొర్రబియ్యాన్ని వారు 'షావ్‌మీ' అంటారు. 2015లో మన శ్రీసిటీలో తయారు కాసాగిన ఫోనుల కంపెనీ పేరు అదే. జేబులో ఉన్న యంత్రం పేరు కొర్రలని తెలియక మోసేవారు ఎందరో!

అన్నిటికంటె పెద్ద సమస్య భాష. ఒకే 'మా' శబ్దం స్వరం మారితే తల్లి, జనుము, గుర్రం, తిట్టు అవుతుంది. అయినా తెలుగువానికి కొంత వెసులుబాటు ఉన్నది. 'చేప'లోని చకారమూ 'చాప'లోని దంత్య చకారమూ వేరని మన వ్యాకరణం చెబుతుంది. చైనా భాషను రోమను లిపిలో వ్రాయడానికి 1958లో ఆమోదించిన పిన్‌యిన్ పద్ధతిలో 'జడ్' అనే అక్షరం పలికేది సరిగ్గా ఆ 'చాప' చకారమే. ఇతరులు నెలలు కుస్తీపట్టే ధ్వని మన పల్లెటూరి పిల్లవాని నోట పుట్టుకతోనే ఉన్నది. పంతులుగారు ఈ ఒక్క సంగతి చెప్పి పంపినా ఆ విద్యార్థికి కొండంత ధైర్యం.

పాఠం ఇంగ్లీషులో చెబుతారు గదా అనుకోరాదు. రోగి ఇంగ్లీషు మాట్లాడడు. భారత రాయబార కార్యాలయం 2022 సెప్టెంబరులో చేసిన హెచ్చరికలో, చైనా భాషా పరీక్షలో నాలుగవ మెట్టు దాటనివారికి పట్టం ఇవ్వరని స్పష్టం చేసినది. అందులోనే మరొక లెక్క ఉన్నది: 2015 నుండి 2021 వరకు మన దేశపు అర్హత పరీక్షకు చైనాలో చదివినవారు 40,417 మంది కూర్చుంటే 6,387 మంది మాత్రమే గట్టెక్కినారు. కుదువబెట్టిన పొలం ఈ లెక్క మీద ఆధారపడి ఉన్నది. 2021 నవంబరు నిబంధనల ప్రకారం 54 మాసాల చదువూ, ఆ పైన 12 మాసాల ఆసుపత్రి శిక్షణా ఒకే విదేశీ సంస్థలో పూర్తి కావాలి. ఆ శిక్షణ జరిగేది వార్డులో, పుస్తకంలో కాదు.

2020 జనవరి 23న వుహాన్ నగరాన్ని మూసివేసినారు. విద్యార్థులతోపాటు, తిరుపతి దగ్గర పెట్టదలచిన కర్మాగారం కోసం శిక్షణకు వెళ్ళిన ఆంధ్ర ఇంజనీర్లూ అక్కడ చిక్కుబడినారు. జనవరి 31న, ఫిబ్రవరి 1న బయలుదేరిన రెండు ఎయిరిండియా విమానాలు 647 మంది భారతీయులను తెచ్చినవి. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉన్నదని విమానం ఎక్కనీయక నిలిపివేయబడినవారు మరికొన్ని వారాలు ఆగవలసి వచ్చినది. ఆ రోజులలో మూసిన తలుపుల వెనుక అన్నం, మందు, నమ్మదగిన వార్త కావలసినవానికి నాలుగు చైనా మాటలు ఎంత అక్కరకు వచ్చినవో ఊహించవచ్చు. ఇంటికి చేరిన విద్యార్థులకు మళ్ళీ వీసాలు ఇవ్వడం 2022 ఆగస్టు చివరగాని మొదలు కాలేదు. రెండేండ్లకు పైగా వైద్యశాస్త్రాన్ని ఫోను తెరమీద చదివినారు, కొందరు మిద్దెమీద సిగ్నలు అందే మూలను వెతుక్కొని.

షోలాపురం డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ 1938లో చైనాకు పోయి, ఆ భాష నేర్చి, అక్కడి యుద్ధరంగ క్షతగాత్రులకు చికిత్స చేసి, 1942లో అక్కడనే కన్నుమూసినాడు. ఆయనకు ఏ పరీక్షా లేదు. ఇప్పటి విద్యార్థికి నాలుగవ మెట్టుకు 1,200 మాటలు రావాలి. ఇంటరు ఫలితాలు వచ్చిన వేసవికీ, అక్కడ తరగతులు మొదలయ్యే సెప్టెంబరుకూ నడుమ నాలుగు మాసాల వ్యవధి ఉంటుంది. దినానికి అయిదేసి మాటల చొప్పున అందులో సగం ఇంటివద్దనే వచ్చేస్తాయి. మిగిలిన సగం వార్డులో రావాలి. అక్కడ మంచంమీది ముసలమ్మ పుస్తకాల చైనా భాషలో కాక తన ఊరి యాసలో, కడుపు ఎక్కడ నొప్పి పెడుతున్నదో చెబుతూ ఉంటుంది.