పాత జీపుకు కొత్త ఇంజిన్: బొంబాయికి డబ్బు పంపే ముందు



ఈసారి బండి సంగతి మాట్లాడుకుందాం. కొండదారులు, గుంతల బాటలు ఉన్న ఊళ్లలో ఆకు మోయాలన్నా, చాకీ పురుగులు తేవాలన్నా, గూళ్లు మార్కెట్‌కు చేర్చాలన్నా చాలామందికి పాత మహీంద్రా జీపే దిక్కు. ఛాసిస్ గట్టిగానే ఉంటుంది. ఇంజిన్ మాత్రం పొగ కక్కుతుంది, చలికాలం తెల్లవారుజామున స్టార్ట్ కాదు. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "బొంబాయిలో మా బావమరిది ఉన్నాడు. ఫాక్‌లాండ్ రోడ్ పక్క బజారులో కొత్త మోడల్ ఇంజిన్ అగ్గువకు దొరుకుతదంట. లారీలో వేయించుకుందాం."

ఆ మాట మీద డబ్బు పంపే ముందు ఇది చదవండి.

*ఫాక్‌లాండ్ రోడ్‌కూ జీపుకూ ఉన్న చుట్టరికం*

1848 నుంచి 1853 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్న లార్డ్ ఫాక్‌లాండ్ పేరు మీద ఆ రోడ్డుకు ఆ పేరు వచ్చింది. ఇప్పుడు అధికారికంగా పఠ్ఠే బాపూరావు మార్గ్. దాన్ని ఆనుకునే కామాఠిపురా ఉంది. 18వ శతాబ్దం చివర్లో తెలుగు ప్రాంతాల నుంచి కట్టుబడి పనులకు వెళ్లిన కామాఠీలు అక్కడ స్థిరపడ్డారు. పేటకు వాళ్ల పేరే నిలిచింది. తర్వాతి కాలంలో బట్టల మిల్లుల పనికి మన నేతపనివాళ్లు కూడా పెద్దసంఖ్యలో బొంబాయి చేరారు. అందుకే అక్కడ మనకు చుట్టాలు ఉండటం వింతేమీ కాదు.

ఆ పేటకు తూర్పున, పెద్ద దూరం లేని మజ్‌గావ్‌లోనే 1940ల చివర్లో మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టింది. ఇంకోపక్క నడిచిపోయే దూరంలో మటన్ స్ట్రీట్ చోర్ బజార్. పాత సామాన్లకు, పాత బండ్ల భాగాలకు పేరున్న చోటు. కాబట్టి బావమరిది చెప్పేది అబద్ధం కాదు, ఇంజిన్ దొరకొచ్చు. అది మన బండికి, మన ఆర్.సి.కి సరిపోతుందా అన్నది చూసుకోవాలి.

*కంపెనీ కూడా ఇంజిన్లు మార్చింది, కానీ...*

మొదట్లో మన జీపుల్లో వచ్చింది సుమారు 2200 సి.సి. పెట్రోల్ ఇంజిన్. తర్వాత ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టర్ ఇంజిన్ నుంచి వచ్చిన డీజిల్ జీపులోకి ఎక్కింది. 1979లో ఫ్రాన్స్ పెజో కంపెనీతో ఒప్పందం కుదిరి ఎక్స్‌డీపీ 4.90 ఇంజిన్ వచ్చింది. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, అందుకే ఆ పేరు. 2112 సి.సి., 62 హార్స్ పవర్. ఎంఎం 540 జీపు ఉన్నవాళ్లకు ఇది బాగా తెలిసిన ఇంజిన్. ఆ తర్వాత 2523 సి.సి. డి.ఐ. వచ్చింది. 2010లో వచ్చిన థార్‌లో సి.ఆర్.డి.ఇ. పెట్టారు: 2498 సి.సి., 105 హార్స్ పవర్, 247 న్యూటన్ మీటర్ల టార్క్.

ఇంజిన్ మార్చినప్పుడల్లా కంపెనీ దానికి తగ్గ గేర్‌బాక్స్, యాక్సిల్, రేడియేటర్, బ్రేకులు చూసుకుంది. మన షెడ్డు ముందు మార్చేటప్పుడు అవన్నీ మనమే చూసుకోవాలి.

*మెకానిక్‌ను అడగాల్సినవి*

1. *గేర్‌బాక్స్.* 62 హార్స్ పవర్‌కు చేసిన గేర్‌బాక్స్, జాయింట్లు, యాక్సిల్ షాఫ్టులు 105ని ఎన్నాళ్లు తట్టుకుంటాయి? ఘాట్ ఎక్కుతూ లో గేర్‌లో ఉన్నప్పుడే విరిగే ప్రమాదం ఎక్కువ.

2. *బెల్ హౌసింగ్, క్లచ్.* వేరే రకం ఇంజిన్‌కు మధ్యలో అడాప్టర్ ప్లేట్ కావాలి. అది వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్, బేరింగ్ తినేస్తాయి.

3. *సంప్.* ఫోర్ వీల్ బండికి ముందు కూడా యాక్సిల్ ఉంటుంది. గుంతలో స్ప్రింగ్ కుంగినప్పుడు ఇంజిన్ సంప్ ఆ యాక్సిల్‌కు తగలకూడదు.

4. *యాక్సిల్ రేషియో.* పాత పెట్రోల్ జీపు యాక్సిల్ 5.38. తక్కువ ఆర్‌పీఎం డీజిల్ పెడితే లాగుడు ఉంటుంది, రోడ్డు మీద స్పీడు పడిపోతుంది.

5. *రేడియేటర్, బ్రేకులు.* బరువు, వేడి రెండూ పెరుగుతాయి. పాత డ్రమ్ బ్రేకులు మాత్రం పాతవే. బూస్టర్ ఉంటే డీజిల్‌కు వాక్యూమ్ పంపు కావాలి.

6. *వైరింగ్.* సి.ఆర్.డి.ఇ.కి కంప్యూటర్, సెన్సార్లు, సొంత వైరింగ్, దానికి తగ్గ యాక్సిలరేటర్ పెడల్ అన్నీ కలిపి తేవాలి. రాత్రి రెండు గంటలకు దారిలో ఆగితే స్కానర్ లేనిదే తప్పు ఎక్కడుందో తెలియదు. పాత పెజోనో డి.ఐ.నో అయితే పల్లె మెకానిక్ స్పానర్‌తో కదిలిస్తాడు.

*మనకు కావాల్సింది ఎంత బలం?*

ఒక పంటకు రెండు మూడు వందల కిలోల గూళ్లు అనుకోండి. నలుగురైదుగురు మనుషుల బరువు. దానికి 105 హార్స్ పవర్ అక్కర్లేదు. గూళ్లకు కావాల్సింది దారిలో ఆగని బండి. గూడు తీశాక ఎక్కువ రోజులు ఆలస్యమైతే చిలుక గూడు చీల్చుకుని వచ్చేస్తుంది. సంచుల్లో ఉక్కపోస్తే దారం నాణ్యత తగ్గి వేలంలో ధర పడిపోతుంది. హిందూపురం వెళ్లినా, రామనగరం వెళ్లినా ఒక రాత్రి దారిలో చిక్కుకుంటే నష్టం మనదే. ఇంజిన్ ఏది పెట్టినా సైలెన్సర్ గొట్టం వేడి, పొగ గూళ్ల కిందికి రాకుండా చూసుకోండి.

*చట్టం ఏమంటోంది?*

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్.సి.కీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణలో, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. బ్యాటరీ, సి.ఎన్.జి. వంటి వేరే ఇంధనానికి మార్చడానికి దారి ఉంది, అదీ నిబంధనల ప్రకారమే.

జరిమానా కంటే పెద్ద భయం ప్రమాదం. బండి ఎవరినైనా గుద్దిన రోజు ఆర్.సి.లో ఒక ఇంజిన్ నంబరు, బానెట్ కింద ఇంకో నంబరు ఉంటే ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడతారు. ఆ పరిహారం మన పొలం మీదికి రావొచ్చు. నంబరు చెరిపేసిన ఇంజిన్ దొంగ బండిదైతే పోలీసు కేసు కూడా తోడవుతుంది.

*అయితే ఏం చేయాలి?*

• ముందు పాత ఇంజిన్‌నే పరీక్ష చేయించండి. కంప్రెషన్ చూడమనండి. బ్రీదర్‌లోంచి పొగ వస్తోందా, ఆయిల్ తాగుతోందా, నీళ్లలో ఆయిల్ కలుస్తోందా? కొన్నిసార్లు నాజిళ్లు, పంపు బాగు చేయిస్తేనే పొగ తగ్గుతుంది.

• అరిగిపోయి ఉంటే బోరు, పిస్టన్, రింగులు, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ పని చేయించండి. నంబరు మారదు, కాగితాల గొడవ లేదు.

• బ్లాక్ పగిలి మార్చక తప్పకపోతే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ చూడండి. కొనకముందే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి అనుమతి సంగతి రాతపూర్వకంగా తేల్చుకోండి.

• బొంబాయిలో కొన్నా, మన ఊళ్లో కొన్నా ఇంజిన్ నంబరు వేసిన బిల్లు, అది తీసిన బండి ఆర్.సి. కాపీ లేకుండా డబ్బు ఇవ్వొద్దు. నంబరు ఫోటో ముందే తెప్పించుకోండి.

• బిగించాక కొత్త నంబరు ఆర్.సి.లో ఎక్కించి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపండి. ఆ తర్వాతే గూళ్లు ఎక్కించండి.

ఈ లెక్కలన్నీ వేసుకున్నాక, చాలామందికి పాత ఇంజిన్ బాగు చేయించుకోవడమే మేలని తేలుతుంది. మీ జీపు మోడల్, ఇంజిన్ రకం, చేయించిన పని, అయిన ఖర్చు గ్రూపులో రాయండి. పక్క ఊరి రైతుకు పనికొస్తుంది.