గైడ్ కుక్కకూ రిటైర్మెంట్

మన హాస్టల్ మిత్రుల్లో చాలామంది ఇళ్లలో రిటైర్మెంట్ అన్న మాటే వినపడదు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ కూలికి పోవడమే. అందుకే, చూపులేని వారికి దారి చూపే గైడ్ కుక్కలకు రిటైర్మెంట్ ఉందని తెలిసి మేము ఆసక్తిగా చదివాం.

అమెరికాలో రోజెల్ అనే లాబ్రడార్ కుక్క 1998లో పుట్టింది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్‌లో 78వ అంతస్తు నుంచి మెట్ల మీదుగా తన యజమాని మైకేల్ హింగ్సన్‌కు తోడుగా కిందికి దిగింది. తర్వాత దానికి రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గే జబ్బు చేసింది. 2007లో పని మాన్పించారు.

జబ్బు లేకపోయినా ఇవి సాధారణంగా పదేళ్ల వయసుకు అటూ ఇటూగా పని మానేస్తాయి. కీళ్లు నొస్తాయి, చూపు మందగిస్తుంది. రోడ్డు దాటేచోట కుక్క ఒక్క క్షణం తడబడితే ప్రమాదం ఇద్దరికీ.

అసలు చిక్కు ఆ తర్వాతే. యజమానికి కొత్త కుక్క కావాలి. వీపున కట్టే పిడి ఉన్న పట్టా దానికి వెళ్తుంది. ఒంటరిగా, చిన్న ఇంట్లో ఉండేవారు రెండు కుక్కలను సాకలేరు. అప్పుడు పాతదాన్ని బంధువులకో, పిల్లగా ఉన్నప్పుడు పెంచిన కుటుంబానికో, దత్తతకో ఇస్తారు. పెన్షనేమీ ఉండదు లెండి, తిండి, మందుల ఖర్చు ఎక్కువగా పెంచుకునేవారిదే. ఇన్నేళ్లు తన కళ్లుగా ఉన్నదాన్ని పంపేయడం ఎంత కష్టమో ఊహించండి.

రోజెల్‌ను మాత్రం హింగ్సన్ తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. అది 2011 జూన్‌లో చనిపోయింది.