తోటకు తోడు ఒక దిష్టిబొమ్మ

"ఏమిటలా దిష్టిబొమ్మలా నిలబడ్డావు?" అని పిల్లల్ని కసరని తల్లి మన తెలుగుదేశంలో వుండదేమో! పని చేయకుండా గుడ్లప్పగించి చూసేవాణ్ణి ఆ మాట అంటాము. నిజానికి చేలో నిలబడ్డ దిష్టిబొమ్మను మించిన పనిమంతుడెవడు? ఎండకు వాడడు, వానకు వణకడు, జీతమడగడు, కునుకైనా తీయడు!

సంస్కృతపు 'దృష్టి' మన నోట 'దిష్టి' అయింది. ఆ దిష్టిబొమ్మ అనే ఒక్క మాట తెలుగులో మూడు ఉద్యోగాలు చేస్తున్నది. కట్టే మేడకు వేలాడదీసే రాక్షసి ముఖం ఒకటి. పదిమంది చూపూ ముందు దానిమీద పడితే యింటికి కీడు తగలదని నమ్మకం. కూడలిలో తగలబెట్టే నాయకుడి బొమ్మ రెండవది. చేలో పిట్టల్ని అదిలించే గడ్డిమనిషి మూడవది. అమీర్‌పేటను ఆనుకొని వున్న మా మధురానగర్‌లో మొదటి రకానికి కొదవ లేదు. పాత యిల్లు పడగొట్టి అపార్టుమెంటు లేపుతున్న ప్రతిచోటా కోరలు చాచుకొని వేలాడుతూ వుంటుంది. మనకిప్పుడు కావలసింది మూడవది. ఎందుకంటే పెరళ్ళు పోయినా మిద్దెతోటలు వచ్చాయి. కుండీలో మొలకెత్తిన బచ్చలిని పావురాలూ, డ్రమ్ములో కాసిన జామను రామచిలుకలూ బతకనివ్వడం లేదు.

పిట్టల్ని తోలడం మొదట మనుషుల పనే. చేలో మంచె వేసి, వడిసెల చేత బట్టి, కేకలు వేస్తూ కూర్చునేవారు. శాతవాహనుల నాటి హాలుడి గాథాసప్తశతిలో వరిచేను కాచే పడుచులు కనిపిస్తారు. సుబ్రహ్మణ్యేశ్వరుడు వలచిన వల్లీదేవి కొర్రచేనుకు కాపలా వున్న పిల్లే గదా! ఆ కాపలా మనిషికి బదులుగా నిలిచింది బొమ్మ. అందుచేత దానికి కోరలూ, మిడిగుడ్లూ అక్కరలేదు. మనిషిలా వుంటే చాలును.

పిట్టలు మనుషుల్ని యెంత శ్రద్ధగా చూస్తాయో చెప్పే ముచ్చట ఒకటి వున్నది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు 2006లో ఒక వికారమైన ముసుగు తొడుక్కొని కొన్ని కాకుల్ని పట్టి వదిలారు. తరువాత ఏళ్ళ తరబడి, ఆ ముసుగు యెవరు తొడుక్కున్నా కాకులు గోల పెట్టి వెంటపడ్డాయి! అంత తెలివిగలవాటి ముందు కదలని కొయ్య యెన్నాళ్ళు ఆగుతుంది? నాలుగు రోజుల్లో దాని నెత్తిమీదే వాలుతాయి.

కాబట్టి బొమ్మ చేయడంలో కీలకం ముఖంలో లేదు, నిలకడలో వున్నది. ఆరడుగుల వెదురు ఒకటి నిలువుగా, నాలుగడుగులది అడ్డంగా పెట్టి పురికొసతో బిగించండి. అడ్డకర్రను ఒక పక్కకు రవ్వంత వాల్చి కట్టండి. మనలో యెవరి భుజాలూ త్రాసులా సమంగా వుండవు. మిద్దెమీదైతే పాత బకెట్టులో ఇసుక కూరి కర్రను నాటి, పిట్టగోడకు కూడా కట్టాలి. గాలికి కింద పోయేవారి నెత్తిన పడరాదు. ఒంటికి వరిగడ్డి దొరక్కపోతే కొబ్బరిపీచు కూరండి. దూది వద్దు, వానకు నాని కుళ్ళుతుంది. తలకు పల్లెల్లో సున్నపు బొట్లు పెట్టిన కుండ బోర్లిస్తారు. ముచ్చటగా కావాలంటే ముతకగుడ్డ సంచిలో పీచు కూరి, నడుమ చిటికెడు గుడ్డ పట్టి కుట్టితే ముక్కు, నల్ల గుండీలు కళ్ళు, జనపనార జుట్టు. చొక్కా చేతుల్లో కట్టుతీగ దూర్చి మోచేయి వంచండి. చూపు కుండీల వైపు వుండాలి. ఒక చేతికి నీళ్ళ డబ్బా తగిలిస్తే ఆమడదూరం నుంచి మనిషే! మెడలో వదులుగా తువ్వాలు వేస్తే గాలికి అదే కదులుతుంది. రెండు మూడు రోజులకొకసారి చోటు మార్చండి, వారానికొకసారి చొక్కా మార్చండి. కాయ పండబోయే ముందు నిలబెట్టి, కోత కాగానే తీసేయండి.

జపానులో షికోకు దీవిమీద నాగోరో అనే కొండపల్లె వున్నది. అయానో త్సుకిమి అనే ఆమె తండ్రిని చూసుకోవడానికి ఒసాకా నుంచి ఆ వూరు తిరిగి వచ్చింది. విత్తనాలు పిట్టల పాలవుతున్నాయని ఒక బొమ్మ చేస్తే, అది అచ్చం ఆమె తండ్రిలా వుండి, దారిన పోయేవారు పలకరించారట! తరువాత వూరు విడిచినవారికీ, పోయినవారికీ గుర్తుగా బొమ్మలు చేసింది. 2012లో బడి మూతబడితే అక్కడా పిల్లల బొమ్మల్నే కూర్చోబెట్టింది. ఈనాడు ఆ వూళ్ళో మనుషులకన్న బొమ్మలే అనేక రెట్లు.

ఇది చదివాకనే మా అమ్మను నాన్నగారి పాత చొక్కా అడిగాను. మా కుండీలన్నీ ఆయన పెంచినవే. ఆయన పోయి యేడాది దాటింది. "ఆయన చొక్కా వానలో నాననివ్వనురా" అని అమ్మ ఖండితంగా చెప్పింది. సరే, నా చొక్కానే తొడిగాను. సాయంత్రం మిద్దెమీదికి వచ్చి, బొమ్మను కాసేపు చూసి, "నీళ్ళు పోసేటప్పుడు మనుషులు యిలా నిటారుగా వుంటారటరా?" అంటూ మెడ కొంచెం ముందుకు వంచి, యెడమ చెయ్యి నడుముమీదికి తానే సర్దింది. నేనేమీ అనలేదు. ఆ వంపు యెవరిదో యిద్దరికీ తెలుసు.

మీరూ ఒక బొమ్మను చేసి చూడండి. పక్షులెన్నాళ్ళు బెదురుతాయో నేను హామీ యివ్వను. పండుతున్న జామకాయకు గుడ్డసంచి కట్టడం యెలాగూ తప్పదు. కాని పని తీరాక దాన్ని చెత్తకుప్పలో పారేయకండి. చొక్కా ఉతికి దాచి, పీచు కుండీల్లో కలిపి, వెదురు నీడపట్టున పెట్టండి. వచ్చే కాపుకు మళ్ళీ పిలవాలి గదా!